కళ్ళు చివర్లో పెట్టాలి

నాన్న మీసం మళ్ళీ వంకరపోయింది. ఎడమవైపు బాగానే వచ్చింది, గుండ్రంగా తిరిగి, పైకి లేచి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. కుడివైపుకి వచ్చేసరికి ఆ ఇంటి చిన్నమ్మాయి తోక చెయ్యి వణికింది, కోన్‌లోంచి నల్ల ఐసింగ్ ఒక్కసారిగా బుళుక్కున ఊడిపడింది, మీసం కాస్తా బుగ్గ దాటి చెవిలోకి పాకింది. కత్తి మొనతో గీకేసింది. పొద్దుట్నించీ గీకిన మీసాలన్నీ పోగేస్తే ఒక పోలీస్ స్టేషన్‌కి సరిపోతాయి, ఇంకా మిగిలితే పక్క స్టేషన్‌కి అప్పివ్వొచ్చు. అసలు మీసం ఇప్పుడెక్కడుందో. ఆస్పత్రిలో ఏ గదిలో, ఏ లైటు కింద. దాని మీద ఆ ప్లాస్టిక్ మాస్కు పెట్టారో లేదో, పెడితే అది పట్టిందో లేదో, నాన్న మీసం మాస్కుల్లో ఇమిడే రకం కాదు, డ్రైవరు టోపీ కన్నా వెడల్పు, బస్సులో ముందు మీసం ఎక్కాక వెనకాల నాన్న ఎక్కుతాడని డిపోలో అంటారు, నర్సు ఎవరైనా చూసి ఇది అడ్డంగా ఉందని కత్తిరించేస్తేనో, కత్తిరించినా ఫర్వాలేదు, అంతా గొరిగేసినా ఫర్వాలేదు, మీసం లేకపోయినా... వద్దు. అటు వెళ్ళకు. బిస్కెట్టు చూడు. కుడివైపు చూడు.

టేబుల్ ఫ్యాన్ వంటింటి గట్టు మీద కూర్చుని కుకీల మీదకి గాలి కొడుతోంది. ఆరబెట్టడం దాని పని. దాని మెడ ఎప్పుడో విరిగింది, అటూ ఇటూ తిరగదు, ఎటు తిప్పి పెడితే అటే చూస్తూ ఉంటుంది, అన్నయ్యలాగా. ఇంట్లో ఏ సంబరం జరిగినా కుకీలు చెయ్యాల్సిందే, అందరి మొహాలూ వాటి మీద ఎక్కాల్సిందే. పుట్టినరోజులు సరే, పరీక్షలు సరే, అమ్మ కుట్టుమిషన్‌కి మోటారు పెట్టించిన రోజున చేశారు, బాత్రూం గొళ్ళెం బాగుపడిన రోజున చేశారు. నానమ్మకి నెత్తిమీద ముడి. అమ్మకి మెడలో కొలతల టేపు. అన్నయ్యకి దువ్వినా కూర్చోని జుట్టు. తోకకి బయటికి చాపిన నాలుక. తోక అనే పేరు నాన్న పెట్టిందే, అన్నయ్య తర్వాత పుట్టి అన్నయ్య వెనకాలే తిరిగిందని, ఇప్పుడు బోర్డులు ప్రింటు చేసే షాపులో ఉద్యోగం చేస్తున్నా, అక్కడ అందరూ మేడమ్ అంటున్నా, ఇంటి గడప దాటగానే తోకే. ముందు చిక్కటి ఐసింగ్‌తో మొహం చుట్టూ గట్టు వెయ్యాలి. గట్టు లోపల పల్చటిది పొయ్యాలి. బుడగలొస్తే గుండుసూదితో పొడవాలి. ఆరాక జుట్టు, ముక్కు, మీసం. కళ్ళు మాత్రం చివర్లో, అన్నింటికన్నా చివర్లో, ఆ మనిషి వచ్చి బల్ల ముందు కూర్చున్నాక. అమ్మ కోన్ పట్టుకుని నిలబడుతుంది, ఎవరి కుకీ వాళ్ళు ముందుకి జరుపుతారు, చుక్క, చుక్క, నువ్వొచ్చినట్టు లెక్క, ఇక తిను.

ఇందులో మహిమ ఏమీ లేదు. తెల్ల ఐసింగ్ లోపల్దాకా ఆరకుండా నల్ల రంగు పెడితే కారిపోతుంది, అంతే. అది తోకకి బాగా తెలుసు, ఎందుకంటే చిన్నప్పుడు ఒకసారి అమ్మ అటు తిరగ్గానే ట్రే మొత్తానికి కళ్ళు పెట్టేసింది, అందరికంటే ముందు తనే అందర్నీ తయారుచేసేద్దామని. కాసేపటికి ట్రేలో ఉన్న కుటుంబమంతా బుగ్గల మీదుగా నల్లగా ఏడవడం మొదలుపెట్టింది. నానమ్మ ఏడుస్తోంది, అన్నయ్య ఏడుస్తున్నాడు, తోక నాలుక చాపి మరీ ఏడుస్తోంది. అమ్మ తిట్టబోయింది. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని ట్రే చుట్టూ ఒక రౌండు వేసి, ఇంత ఏడుపు చూస్తే ఎవరు పోయారో కనుక్కుని ఒక దండ తీసుకెళ్ళాలనిపిస్తోంది అన్నాడు, నవ్వకుండా. నాన్న ఎప్పుడూ నవ్వడు. ఇల్లంతా పొట్టలు పట్టుకుని దొర్లుతుంటే గోడకి మేకు కొట్టినవాడిలా నిలబడి చూస్తాడు. ఎవరు పోయారో. ఎందుకన్నావు నాన్నా ఆ మాట. వేరే మాటే దొరకలేదా నీకు.

పొద్దున ఫోన్ మోగినప్పుడు తోక చేతులు మోచేతుల దాకా ఐసింగ్‌లో ఉన్నాయి. ముక్కుతో నొక్కి స్పీకర్‌లో పెట్టింది. స్పీకర్‌లో పెడితే ఇల్లంతా వినపడుతుంది, కానీ ఇంట్లో ఉన్నది నానమ్మ ఒక్కతే, నానమ్మకి చెవుడు. టీవీ పెట్టుకుంటే వెనక వీధిలో వాళ్ళు కూడా సీరియల్ వినాల్సిందే. బిస్కెట్ల డబ్బా మూత తీస్తే మాత్రం ఎక్కడున్నా వినపడుతుంది, అది వేరే శాఖ. ఫోన్‌లో నాన్న. "ఏమే తోకా, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందే," అన్నాడు. మామూలు గొంతే. రిపేరుకి వచ్చిన బస్సు గురించి చెప్పినట్టు. తోక తన అన్నయ్య జుట్టుకి, అంటే కుకీ మీది జుట్టుకి, గట్టు వేస్తోంది, చెయ్యి ఆపితే గీత తెగిపోతుంది, ఆపలేదు. "పదికి మూడు నాన్నా," అంది. "ఛాతీ మీద కూర్చోడం పోయిన నెల వాడేశావు. కొత్తదేమన్నా పట్రా." అటునుంచి ఊపిరి. ఎక్కడో బస్సు వెనక్కి తీస్తున్న చప్పుడు, ఎవరో రా రా రా అని బస్సుని బాదుతున్నారు. తర్వాత నాన్న "సరేలే" అన్నాడు. పెట్టేశాడు.

సరేలే. తోక ఆ మాటని అటు తిప్పింది, ఇటు తిప్పింది. సరేలే అంటే, నువ్వు బిజీగా ఉన్నావు కదా, సరేలే. దొరికిపోయాను, సరేలే. నొప్పిగా ఉంది, నిలబడలేకపోతున్నాను, నువ్వు నమ్మవు, సరేలే. కూరలో ఉప్పు లేదంటే సరేలే, ఒంటరిగా భోంచెయ్యాలంటే సరేలే, డ్యూటీ మీద డ్యూటీ వేస్తే సరేలే, ఆ మనిషి జీవితమంతా సరేలే అంటూనే ఉన్నాడు, ఒక్కరోజు కూడా ఎవరూ ఏం సరే అని అడగలేదు. ఆ తర్వాత ఫోన్ పెట్టేసి, డిపో మెట్ల మీద కూర్చుని, అక్కణ్ణించి పక్కకి ఒరిగిపోయాడట. మొదట మెకానిక్కులు నవ్వారట. వాళ్ళకి కూడా చూపించి ఉంటాడు తన విద్య, చూపించకుండా ఎలా ఉంటాడు.

మరి తోక తప్పా? వారానికోసారి చచ్చిపోయే మనిషిని ఎన్నిసార్లని నమ్ముతారు? కుళాయి కారుతోంది చూడండి అని అమ్మ అంటే చాలు, సోఫా మీద చచ్చిపోయేవాడు. చెయ్యి కిందికి వేలాడేసి, నోరు తెరిచి, ఊపిరి బిగబట్టి. అమ్మ ఆయన మీద నుంచి దాటుకుంటూ వెళ్ళి కుళాయి తనే బిగించుకునేది. ఒకసారి అన్నయ్య స్కూలు మీటింగుకి రమ్మంటే గుమ్మంలో అడ్డంగా చచ్చిపోయాడు, పాలబ్బాయి పాల ప్యాకెట్లు ఆయన పొట్ట మీద పెట్టి వెళ్ళాడు. ప్రతి చావుకీ తోక మార్కులు వేసేది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, నాడి చూసి, కాలు గిల్లి, ముఖం చిట్లించి, పదికి ఆరు, నాలుక ఎక్కువైంది. పదికి ఏడు, పడ్డప్పుడు దిండు చూసుకుని పడ్డావు. అప్పుడు శవం ఒక కన్ను సన్నగా తెరిచేది. ఎవరు బాధపడుతున్నారో, ఎంత బాధపడుతున్నారో చూడ్డానికి. ఎవరూ బాధపడట్లేదని తెలిశాక, ఈ ఇంట్లో చావు కూడా దండగ అని లేచి టీ అడిగేవాడు. పదికి పది ఎప్పుడూ వెయ్యలేదు తోక. పది వేస్తే ఇంక ఆటేముంది? పది వేసి ఉంటే. ఒక్కసారి, ఊరికే, ఏదో ఒక ఆదివారం పది వేసి ఉంటే ఈ ఆట ఎప్పుడో అయిపోయేది, పొద్దున ఆ మనిషి ఫోన్ చేసినప్పుడు తోక చేతిలో కోన్ కింద పడేసి పరిగెత్తేది.

అన్నయ్య ఫోన్ చేసినప్పుడు కూడా ముందు నవ్వింది. ఇద్దరూ కలిసి ఎత్తు పన్నారనుకుంది. అన్నయ్యకి అబద్ధం చెప్పడం రాదు, చెప్తే చెవులు ఎర్రబడతాయి, కానీ ఫోన్‌లో చెవులు కనపడవు కదా. అటునుంచి అన్నయ్య ముక్కు ఎగబీల్చాడు. అప్పుడు తోక నవ్వడం ఆపింది. ఆస్పత్రిలో మనిషి వెంట ఇద్దర్నే ఉండనిస్తారట, అమ్మ కుట్టు షాపు నుంచి అటే వెళ్ళిపోయిందట, నాన్నని లోపలికి తీసుకెళ్ళారట, గంట పడుతుందట. తర్వాత అమ్మ ఫోన్ తీసుకుంది. అమ్మ మాట్లాడుతుంటే నోట్లో గుండుసూదులు పెట్టుకున్నట్టుంది, పని మధ్యలో మాట్లాడినట్టు, పళ్ళు విడకుండా. నానమ్మని వదిలి రావద్దంది. ఆవిడకి తెలియనివ్వద్దంది. కుకీలు ఆపకు, ఆపావంటే కనిపెట్టేస్తుంది అంది. ఈ రోజు నానమ్మకి ఎనభై నిండాయి, ఆవిడ లెక్క ప్రకారం, ఆ లెక్కలో ఆవిడ సొంత తమ్ముడి కన్నా చిన్నది. సాయంత్రం బల్ల చుట్టూ అందరూ కూర్చోవాలి. అందుకే తోక ఇక్కడ ఉంది. లోకంలో ఎక్కడ ఉండాలో అక్కడ తప్ప, చేతిలో కోన్‌తో, ఒక గుండ్రటి బిస్కెట్టు మీద మీసం దిద్దుతూ.

మణికట్టులోంచి సన్నటి తీగ పంపిస్తారట. అక్కణ్ణించి గుండె దాకా. అమ్మ ప్యాంటు నడుములోకి ఎలాస్టిక్ ఎక్కిస్తుంది, పిన్నీసు చివర గుచ్చి, బట్ట లోపల లోపల జరుపుకుంటూ, చేత్తో తడుముకుంటూ. ఒక్కోసారి సగం దారిలో పిన్నీసు ఊడిపోతుంది లోపలే. అప్పుడు అమ్మ నిట్టూర్చి, కుట్టు విప్పి, మళ్ళీ మొదట్నించీ. బట్ట అయితే విప్పొచ్చు. తోక కోన్ మొన వైపు చూసింది. ఎంత సన్నం అది. అందులోంచి నల్లటిది ఎంత నెమ్మదిగా, ఎంత జాగ్రత్తగా రావాలి. ఆ డాక్టరుకి చెయ్యి వణకదు కదా. ఆయన పొద్దున ఏం తిన్నాడు, ఇంట్లో ఎవరితోనైనా పోట్లాడి వచ్చాడా, ఆయనకి నాన్న ఉన్నాడా. గోడ గడియారం ముల్లు ధర్నాకి కూర్చున్నట్టు కూర్చుంది, ఎంత చూసినా కదలదు.

నానమ్మ ఎప్పుడొచ్చిందో వంటింట్లో కుర్చీ మీద కూర్చుని ఉంది. పంచదార పొడి జల్లిస్తోంది. ఎవరూ చెయ్యమనలేదు, తనే జల్లెడ తీసుకుంది, పొడి గిన్నెలోకి జల్లించింది, గిన్నెలోది మళ్ళీ జల్లెడలోకి పోసుకుంది, మళ్ళీ జల్లించింది. అది ఈపాటికి పొగలా తయారై ఉంటుంది. ముసలితనం, మరిచిపోతోంది అనుకుంది తోక. ఆవిడ మొహంలో ఏమీ లేదు. నాన్నకి ఆ మొహం ఎక్కణ్ణించి వచ్చిందో అందరికీ తెలుసు, పెళ్ళిచూపుల్లో తాతయ్య జోక్ వేస్తే నవ్వలేదట, ఇష్టం లేదేమోనని వాళ్ళు లేచి వెళ్ళిపోబోతే, బావుంది ఇంకోటి చెప్పమనండి అందట. తోక ఆ మొహం తెచ్చిపెట్టుకోవాలని చూసింది. ఇంత పెద్ద అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. అన్నయ్య టూత్‌పేస్టు ట్యూబులో ఐసింగ్ నింపింది, షాపులో ఓనరు పుట్టినరోజు బోర్డు మీద ఓనరు ఫొటో తలకిందులుగా ప్రింటు చేసి గాలికి తిరిగిందని చెప్పింది, అప్పుడంతా మొహం కదల్లేదు, రెప్ప కూడా కదల్లేదు. ఇప్పుడు కింది పెదవి దానంతటదే కొట్టుకుంటోంది. పళ్ళతో పట్టుకుంది. ఉప్పగా తగిలింది, అప్పుడు తెలిసింది ముక్కు కారుతోందని.

మీసం వచ్చింది. ఎలా వచ్చిందో తెలీదు, చూడకుండా గీసినట్టు వచ్చింది, రెండు వైపులా సమానంగా, నిజం మీసం కూడా ఇంత సమానంగా ఉండదు. ఇప్పుడు ఆ కుకీ మీద నాన్న మొహమంతా ఉంది, కళ్ళు తప్ప. తెల్లగా, నున్నగా, కళ్ళుండాల్సిన చోట ఏమీ లేకుండా. ఇలాగే ఉంటాడా ఇప్పుడు. సోఫా మీద చచ్చిపోయినప్పుడు ఒక కన్ను సన్నగా తెరిచేవాడు, ఇప్పుడు తెరుస్తున్నాడా, ఎవరు బాధపడుతున్నారో చూస్తున్నాడా, చూస్తే అమ్మ కనపడుతుంది, అన్నయ్య కనపడతాడు, తోక కనపడదు. పదికి మూడు వేసి కుకీలు చేసుకుంటున్న తోక. చూడు నాన్నా, ఇక్కడున్నాను, వంటింట్లో ఉన్నాను, కన్ను తెరువు, ఒక్కటి చాలు, సన్నగా చాలు. కోన్ తీసుకుంది. కళ్ళ దగ్గర తడి ఇంకా ఆరలేదు, తెలుసు. కారిపోతుంది, తెలుసు. కారితే కారనీ. చుక్క పెడితే అక్కడ తెరుస్తాడు. ఇది పిచ్చి అని తెలుసు, ఫ్లెక్సీ మీద బొమ్మ మారిస్తే మనిషి మారడని తోకకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు, అయినా పెట్టాలి, ఇప్పుడే పెట్టాలి, ఇప్పుడు పెట్టకపోతే అక్కడ లోపల పిన్నీసు ఊడిపోతుంది. మొన మీద నల్లటి బొట్టు లావవుతోంది. తెల్లదానికి తగలబోతోంది.

"వాడికి పెట్టకు," అంది నానమ్మ.

జల్లెడ ఆగలేదు. తల ఎత్తలేదు. "వచ్చాక పెడదాం," అంది పంచదారతో చెప్తున్నట్టు.

తోక కోన్ పక్కకి తిప్పింది. బొట్టు వంటింటి గట్టు మీద పడింది. వచ్చాక. ఆవిడ ఎంత తేలిగ్గా అనేసింది, డ్యూటీ అయ్యాక వస్తాడు, చెప్పులు గుమ్మంలో విప్పుతాడు, వచ్చాక పెడదాం. ఆవిడకి తెలీదు. తెలీకపోవడం ఎంత సుఖం. ఆ సుఖంలోకి తనూ దూరిపోయి తలుపేసుకోవాలనిపించింది తోకకి. చిన్నప్పట్లా నానమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, చెప్పెయ్యాలనిపించింది. నీ కొడుకు ఫోన్ చేశాడు నానమ్మా. నాకే చేశాడు. అమ్మకి కాదు, అన్నయ్యకి కాదు, ఇంట్లో ఎవర్నీ నమ్మనంత నన్ను నమ్మి నాకు చేశాడు. నేను మార్కులేశాను.

ఫోన్ మోగింది. తోక చేతులకి మళ్ళీ ఐసింగే, ముక్కుతో నొక్కబోతే ముక్కు తడికి స్క్రీన్ జారింది, మళ్ళీ నొక్కింది, గడ్డంతో నొక్కింది, స్పీకర్‌లోకి వచ్చింది. అన్నయ్య. బయటికి తీసుకొచ్చారు, బాగానే ఉన్నాడు, కంగారు పడకు అంటున్నాడు. తోక వింది. నమ్మలేదు. ఈ ఇంట్లో నమ్మడం ఎవరికి వచ్చు? అమ్మ నేర్పించి ఉంటుంది, దానికి అలా చెప్పు, ముసలావిడ దగ్గర అరిచి గోల చేస్తుంది, నెమ్మదిగా ఇంటికెళ్ళి చెబుదాం అని. ఇప్పుడు అన్నయ్య చెవులు ఎర్రగా ఉండి ఉంటాయి. చెవులు ఎవరు చూస్తారు.

"నాన్నకివ్వు," అంది.

మాట్లాడించొద్దన్నారే అన్నాడు అన్నయ్య. ఇవ్వు. ఇప్పుడు కాదే, మత్తుగా ఉన్నాడు, కాస్త ఆగి. ఇవ్వు. గొంతు తనదిలా లేదు, ఎవరో గిన్నె గీకుతున్నట్టుంది. ఇవ్వకపోతే నేను నమ్మను, నేను ఎప్పటికీ నమ్మను, ఇవ్వరా. అటు బట్టల చప్పుడు. చక్రాలేవో దొర్లుతున్నాయి. అమ్మ ఏదో అంది, అర్థం కాలేదు. తర్వాత ఊపిరి. ఊపిరి ఎవరిదైనా కావచ్చు, ఊపిరికి మొహం ఉండదు. తోక ఫోన్ మీదకి వంగింది, జుట్టు వెళ్ళి అన్నయ్య కుకీకి అంటుకుంది, లాక్కోలేదు. మాట్లాడు. ఏదో ఒకటి. సరేలే అన్నా సరే.

"మూడేనా?" అన్నాడు నాన్న.

సన్నగా, దూరంగా, కోన్ మొనలోంచి వచ్చినట్టు. మధ్యలో ఊపిరి తీసుకుని ఇంకోసారి. "పదికి... మూడేనా?"

తోక నోరు తెరిచింది. పది అందామనుకుంది. పది, వంద, ఎంత కావాలంటే అంత, ఇన్నాళ్ళవీ తిరిగి దిద్దుతాను, ఇంకెప్పుడూ చావకు నాన్నా. ఈలోపే అన్నయ్య ఫోన్ వెనక్కి లాక్కున్నాడు, మళ్ళీ చేస్తానన్నాడు, పెట్టేశాడు. వంటింట్లో ఫ్యాన్ చప్పుడొక్కటే మిగిలింది. జల్లెడ ఎప్పుడాగిందో ఆగిపోయింది.

"ఎవరే?" అంది నానమ్మ.

తోక ఆవిడ వైపు తిరగలేదు. ఉన్న మొహమంతా కూడదీసుకుంది. "రాంగ్ నంబర్ నానమ్మా," అంది, చెవుడు కదా, గట్టిగా.

నానమ్మ గిన్నె కిందపెట్టింది. గిన్నె అంచు నేలకి తగిలి చాలాసేపు గలగలలాడింది, ఆవిడ చెయ్యి దాన్ని వదల్లేకపోయింది. పంచదార జుట్టు మీద, రెప్పల మీద, చేతుల మీద, ఆవిడంతా తెల్లగా ఉంది. బుగ్గల మీద మాత్రం రెండు చారలు, ఎప్పట్నించి ఉన్నాయో, తడిసి గడ్డకట్టి. లేచి నిలబడి గట్టు దాకా వచ్చింది.

"రాంగ్ నంబర్ వాణ్ణి ఇంటికెప్పుడు పంపిస్తారట?" అంది.

తోక ఇంక ఆగలేకపోయింది. కాటుక, ఐసింగ్, ముక్కు, అన్నీ కలిసి గడ్డం మీదుగా కారిపోతున్నాయి. నానమ్మ కాసేపు ఆ మొహాన్ని చూసింది, చెడిపోయిన కుకీని చూసినట్టు, నవ్వకుండా. తర్వాత నాన్న కుకీ మీద చల్లటి గాలి కొడుతున్న ఫ్యాన్‌ని రెండు చేతులతో పట్టుకుని, మెడ విరిగిన ఆ ఫ్యాన్‌ని మొత్తంగా ఎత్తి, తోక మొహం మీదకి తిప్పి పెట్టింది.

"ముందు నువ్వు ఆరు," అంది.